ఉప్పునీళ్ళ కాపురం

మా వీధిలో మా ఆయన్ని బేకరీ ఆయన అని ఎవరూ అనరు. చుక్కలాయన అంటారు. పొద్దున్నే బన్నులు పొయ్యిలోంచి దిగగానే ఈయన ఒక గాజు గొట్టంలో కాసిని నీళ్ళు పట్టుకుని, కొట్టు గుమ్మంలో వెలుతురుకి ఎదురుగా నిలబడి, సీసాలోని మందు ఒక్కొక్క చుక్కే అందులో వేస్తూ లెక్కపెడతాడు. పెదాలు కదులుతుంటాయి గానీ మాట బయటికి రాదు. ఆ సమయంలో ఎవరొచ్చి రొట్టె అడిగినా పలకడు. నీలంగా ఉన్న నీళ్ళు పసుప్పచ్చగా తిరిగేదాకా ఆ మనిషికి లోకం లేదు. ఎనిమిదో చుక్కకి తిరిగిందా, ఆ రోజు అడిగినవాడికీ అడగనివాడికీ చేతిలో బిస్కెట్టు పెడతాడు. ఏడుకే తిరిగిందా, ఇక ఆ పూట ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మకూడదు.

ఆ నీళ్ళు ఎక్కడివంటే, ముందున్న కొట్టుకీ వెనక మేముండే గదికీ మధ్య గోడలో కూర్చోబెట్టిన గాజు తొట్టిలోవి. ఇటు కొనేవాళ్ళకి కనపడుతుంది, అటు మంచం మీద పడుకుంటే మాకు కనపడుతుంది. అందులో ఉన్నది అచ్చం సముద్రమే. ఉప్పునీళ్ళు, రాళ్ళు, నారింజ రంగు చేపలు రెండు, దాక్కోవడం తప్ప వేరే పనిలేని ఒక రొయ్య, బతికున్న పగడాలు. పెళ్ళయ్యేదాకా పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్రపూస అనుకునేదాన్ని. దానికి ప్రాణముంటుందనీ, ఆకలేస్తుందనీ, అలుగుతుందనీ ఈయన్ని కట్టుకున్నాకే తెలిసింది. అలగడంలో నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. ఏ మాత్రం తేడా వచ్చినా విప్పుకున్న వేళ్ళన్నీ లోపలికి లాక్కుని, రాయిలా కూర్చుంటుంది. అందుకే ఆ పగడానికీ తొట్టికీ కలిపి నేను పెట్టిన పేరు సవతి.

సవతిగారి పోషణ మామూలు వ్యవహారం కాదు. పగడాలు నీళ్ళలో కరిగి ఉన్న సున్నాన్నీ క్షారాన్నీ తీసుకుని తమ ఎముకలు తామే కట్టుకుంటాయట. ఎంత కట్టుకుంటే నీళ్ళలో అంత తరిగిపోతుంది. తరిగినంత మళ్ళీ మనం పోయాలి. ఈయన చుక్కలు లెక్కపెట్టేది ఆ క్షారం ఎంత మిగిలిందో చూడటానికే. నీళ్ళు ఆవిరైతే మంచినీళ్ళే పోయాలి తప్ప ఉప్పునీళ్ళు పోయకూడదు, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు ఎక్కడికీ పోదు. ఇది మా తమ్ముడికి చెప్పి చెప్పి ఈయన గొంతు పోయింది. వాడు తల ఊపుతాడు, మళ్ళీ వచ్చినప్పుడు అదే అడుగుతాడు.

"ఎనిమిదే ఉండాలా బావా? తొమ్మిదుంటే ఇంకా మంచిది కదా?"

"ఏడున్నా పరవాలేదు, తొమ్మిదున్నా పరవాలేదురా. ఇవాళ ఏడు, రేపు తొమ్మిది అయితేనే చస్తాయి. నిన్న ఎంతో ఇవాళా అంతే ఉండాలి."

ఇంత మంచి మాట నాతో ఉండే తీరులో ఎప్పుడైనా పాటించాడా అంటే, అది వేరే సంగతి. ఒకరోజు ముద్దుగా ఉంటాడు, ఒకరోజు మూతి ముడుచుకుంటాడు. నేనేమైనా పగడాన్నా?

క్షారం కోసం బజార్లో మందులు దొరుకుతాయి. ఈయన కొనడు. బేకరీ పెట్టుకుని, మందు పేరుతో వంటసోడానే కొనుక్కోవడమేమిటని ఆయన బాధ. సోడాని పళ్ళెంలో పలచగా పరిచి పొయ్యిలో వేడిచేస్తే అది ఘాటెక్కుతుంది. నీళ్ళలో కలిపి రోజూ చిన్న గ్లాసుడు తొట్టిలో పోస్తాడు. బన్నుల పళ్ళేలు దిగాక సోడా పళ్ళెం ఎక్కుతుంది. ఒకసారి ఆ కాల్చిన సోడా చల్లారబెట్టిన చోటు నుంచి బిస్కెట్ల పిండిలోకి ప్రయాణం కట్టింది. ఎవరు కలిపారని అడిగితే ఇద్దరం ఒకరినొకరు చూపించుకున్నాం. బిస్కెట్లు ఇటుకల రంగులో దిగాయి. ఎదురుగా ఉండే దర్జీ ఒకటి నోట్లో వేసుకుని, కాసేపు ఆలోచించి, "అమ్మా, నాలిక ఉతికి ఆరేసినట్టుందమ్మా," అన్నాడు. ఇప్పటికీ మా కొట్టు మెట్లెక్కగానే ఆయన మొదట అడిగేది, "ఇవాళ ఉతుకుడు ఏమైనా ఉందా?" అనే.

మనిషి మాత్రం ఎలాంటివాడనుకున్నారు! గడప దాటాలంటే తల వంచాలి. కనుబొమల మీద ఎప్పుడూ పిండి. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. కణకణలాడే పొయ్యిలోకి చెయ్యి పెట్టి పళ్ళెం లాగేస్తాడు, వద్దు వద్దని నేను అరుస్తున్నా వినడు. పిండి బస్తా భుజాన వేసుకుంటే ఈల వేసుకుంటూ వచ్చేవాడు. ఆ బస్తాలే కొంప ముంచాయి. గజ్జల్లో వాపు మొదలైంది. ముందు దాచాడు. మంచం మీద పక్కకి తిరుగుతూ మూలుగుతుంటే పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను.

డాక్టరు చెయ్యి పెట్టి చూసి, హెర్నియా అన్నాడు. "ఆపరేషన్ ఒక్కటే మార్గం. చిన్నదే. ఇప్పుడే చేయించుకుంటే తేలిగ్గా పోతుంది. పేగు ఇరుక్కుందంటే మాత్రం అప్పటికప్పుడు పరిగెత్తుకు రావాలి. ప్రాణం మీదికి వస్తుంది."

ఈయన బుద్ధిగా తల ఊపాడు. బయటికొచ్చాక మొదలుపెట్టాడు.

"నేను వెళ్ళి ఆస్పత్రిలో పడుకుంటే నీళ్ళెవరు చూస్తారే?"

"నేను చూస్తా."

"నీవల్ల కాదు. అది ఒక్క పూట వదిలేసే పని కాదు."

అదొక్కటే పాట. చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. అత్తగారు బతికుంటే ఆవిడచేత కూడా పోరించేదాన్ని. బస్తాలు మొయ్యడానికి మనిషిని పెట్టుకున్నాం, అంతవరకు సరే. కానీ ఆపరేషన్ మాటెత్తితే మాత్రం, కొత్త పగడం ఇప్పుడే కుదురుకుంటోంది అంటాడు, ఎండలు తగ్గనీ అంటాడు, చేప నీరసంగా ఉంది అంటాడు. నా కళ్ళకి ఆ చేప బ్రహ్మాండంగా ఉంది. నీరసంగా ఉన్నది ఈయనే. నడుస్తుంటే ఒక చెయ్యి గజ్జ దగ్గరే ఉండేది. రోడ్డు మీద ఏ బండి హారన్ గట్టిగా మోగినా, వీధి చివర నుంచి ఈయన్ని ఎవరో మోసుకొస్తున్నారేమోనని గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని.

ఒకరోజు పొద్దున తొట్టి దగ్గర "అయ్యో" అని కేక వినిపించింది. కేకు మీద క్రీము పువ్వు వేస్తున్నదాన్ని అలాగే వదిలేసి పరిగెత్తాను. తొట్టి నిండా పాలు! చేపలు లేవు, రాళ్ళు లేవు, తెల్లటి పాలు. సంగతేమిటంటే, సున్నం నీళ్ళు ఒక జగ్గులో, సోడా నీళ్ళు ఒక జగ్గులో ఉంటాయి. రెండూ తొట్టిలో పడాల్సినవే గానీ ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం, అదీ కొంచెం కొంచెం. రెండూ ఒకచోట కలిస్తే విరిగిపోయి సున్నపు పొడిగా రాలతాయి. గజ్జల్లో పోటు వస్తోందని, రెండు పనులూ ఒకేసారి కానిచ్చేసి పడుకుందామని రెండు జగ్గులూ అంచు మీద పెట్టుకున్నాడట. నొప్పి మెలితిప్పేసరికి చెయ్యి జారి రెండూ లోపలికి పోయాయి.

మహానుభావుడు పిండి బస్తా మీద కూలబడి నీరుగారిపోయాడు. నేను గాజు గొట్టం అందుకున్నాను. చుక్కలు వేశాను. ఐదుకే తిరిగింది. అది చూడగానే ఈయన లేచి సోడా డబ్బా పట్టుకుని తొట్టి మీదికి ఉరికాడు.

"ఇటివ్వండి ఆ డబ్బా!"

"ఐదే! ఇప్పుడే ఎనిమిదికి తేకపోతే..."

"తెస్తే చస్తాయి. రోజూ మా తమ్ముడికి చెప్పేది ఎవరు? చెయ్యి తీయండి!"

తీయలేదు. చెయ్యి మీద ఒక్కటిచ్చాను. నా పెళ్ళయ్యాక మొగుణ్ణి కొట్టడం అదే మొదలు. తరవాత కూడా లేదు, అవసరం చాలాసార్లు వచ్చినా. ఆయన తెల్లబోయి డబ్బా నా చేతిలో పెట్టి, బుద్ధిమంతుడిలా మళ్ళీ బస్తా మీద కూర్చున్నాడు.

పీపాలో ఎప్పుడూ కలిపి ఉంచే ఉప్పునీళ్ళు ఉన్నాయి. వేడి సరిచూసి, ఉప్పు సరిచూసి, తొట్టిలో నీళ్ళు కొంత తీసి అంతే కొత్తవి పోశాను. బకెట్లు నేనే మోశాను. మర్నాటికి పాలు విరిగినట్టు పొడి అడుక్కి దిగి, నీళ్ళు తేరుకున్నాయి. చేపలు బయటికొచ్చి ఏమీ ఎరగనట్టు తిండి అడిగాయి. పెద్ద పగడం మాత్రం ముడుచుకునే ఉంది. నేను దాని జోలికి పోలేదు. రోజూ గ్లాసుకి ఒక చెంచా ఎక్కువ సోడా నీళ్ళు, అంతే. కేకు మీద గులాబీలు వేసే చెయ్యి నాది. గట్టిగా నొక్కితే పువ్వు ముద్దవుతుందని నాకొకరు చెప్పాలా? ఐదు, మళ్ళీ ఐదు, ఆరు అనుకుంటూ నిదానంగా ఎక్కింది. ఏడు దాటిన రోజున కొట్టులో దర్జీకి పొట్లం కడుతూ పక్కకి చూశాను కదా, సవతి వేళ్ళన్నీ విప్పుకుని ఊగుతోంది! పొట్లం అక్కడే పడేసి చప్పట్లు కొట్టాను. పాపం, దర్జీ కూడా ఎందుకో తెలియకుండానే కొట్టాడు. సవతి మీద అంత ప్రేమ పుట్టుకొస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఆ సంతోషంలోనే మా ఆయన్ని నిలదీశాను. "నెల రోజులు మీరు చెయ్యి పెట్టద్దు. ఎనిమిది ఎనిమిదిలాగే ఉంచితే ఆపరేషన్ చేయించుకుంటారా?"

కాసేపు నసిగి, "సరే," అన్నాడు.

నెల నిలబెట్టాను. రోజూ నేను చూశాక, నమ్మకం లేక ఆయనా ఒకసారి చుక్కలు వేసేవాడు. ఎనిమిది. మళ్ళీ ఎనిమిది. చిత్రమేమిటంటే, అంకె కుదిరినకొద్దీ ఈయన మొహం మాడిపోయేది. బిస్కెట్లు పంచడం మానేశాడు. నాకు లోలోపల ఒకటే నవ్వు. పెళ్ళాం తనకంటే బాగా చేస్తోందని కుళ్ళు, ఇంకేముంటుంది అనుకున్నాను. కాస్త గర్వం కూడా వచ్చింది, ఎందుకబద్ధం. "ఇంకో వారం చూద్దామా?" అన్నాడు. "ఇంకో గంట కూడా చూడను," అని నేనే డాక్టరుకి ఫోన్ చేసి రోజు ఖాయం చేశాను.

ఏర్పాటంతా ఆయనదే. మా తమ్ముడు వ్యానులో తీసుకెళ్ళి, ఆస్పత్రిలో తోడుంటాడు. నేను ఇంట్లో, నీళ్ళ దగ్గర. ఆ రోజు పొద్దున్నే కొట్టు తలుపు మూశాం. స్నానం చేసి, సంచి పట్టుకుని, మెట్లు దిగి వ్యానెక్కాడు. నేను లోపలికొచ్చి గాజు గొట్టం కడుక్కుంటున్నాను. బండి కదిలిన చప్పుడు లేదు. తల ఎత్తి చూస్తే మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, సంచి గుండెలకి హత్తుకుని.

"ఏం మర్చిపోయారు?"

"ఏం లేదు. నువ్వూ రా."

"నేనొస్తే ఇక్కడెవరు? సోడా నీళ్ళు ఎవరు పోస్తారు?"

"రెండు మూడు రోజులు ఎవరూ ముట్టుకోకపోయినా దానికేం కాదులే." తొట్టి వైపు చూడను కూడా చూడలేదు. "కాస్త తగ్గుతుంది. మళ్ళీ మెల్లిగా ఎక్కించుకోవచ్చు. అంతే."

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అరికాలి మంట నెత్తికెక్కింది. "మరి ఒక్క పూట కూడా వదలకూడదని ఇన్నాళ్ళూ నా ప్రాణం తీశారు కదండీ! బకెట్లు మోయించారు కదండీ!"

"కోస్తారంటే భయమే నాకు," అన్నాడు. పొయ్యిలో చెయ్యి పెట్టే మనిషి, సంచి తాడు వేలికి చుట్టుకుంటూ. "మొదట్నించీ భయమే. ఎలా చెప్పను? నీళ్ళ మీద పెట్టి చెప్పాను. నువ్వేమో నీళ్ళు నేర్చేసుకున్నావు."

తిట్టడానికి నోరు తెరిచాను. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, ఈ పిచ్చి మనిషి మీద చెప్పలేనంత ప్రేమొచ్చింది. గాజు గొట్టం బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని, తాళం వేసి వ్యానెక్కాను. ఆపరేషన్ గది తలుపుల దాకా నా చెయ్యి వదల్లేదు. అక్కడ నర్సు ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, "మేం చూసుకుంటాం కదా నాన్నా," అంది, ఆవిడకంటే రెట్టింపు ఉన్న మనిషిని.

అంతా బాగా జరిగింది. డాక్టరు బయటికొచ్చి, కుట్లు విప్పేదాకా బరువులెత్తకూడదు, గట్టిగా దగ్గకూడదు, గట్టిగా నవ్వకూడదు అన్నాడు. దాంతో చిక్కొచ్చిపడింది. ఆయన్ని ఏడిపించడానికి జన్మలో మళ్ళీ దొరకని మాట నాలిక చివర ఉంది, అనడానికి లేదు. ఆయన నా వైపు చూస్తే నేను గోడ వైపు చూసేదాన్ని. నా పెదవి కదిలితే చాలు, "వద్దే, వద్దే," అని పొట్ట పట్టుకునేవాడు. నా నోరు నేను అన్ని రోజులు కట్టుకోవడం మా వీధిలో ఎవరికి చెప్పినా నమ్మరు. కుట్లు విప్పిన రోజు ఆస్పత్రి మెట్లు దిగకముందే మొదలుపెట్టాను, ఇల్లు చేరేదాకా ఆపలేదు.