పద్మ చేతుల వాసన

మా పెద్దమ్మాయి పద్మ పరీక్ష రాసి, పెద్ద చదువులకు తయారుచేసే సర్కారు బడిలో సీటు తెచ్చుకున్న రోజు, ఈ మరాఠీ ఊళ్ళో అశోక్ చౌక్ దగ్గర, నేను పనిచేసే మగ్గాల కార్ఖానాలో అందరికీ పేడాలు పంచాను. ఈ రోజు అదే బడివాళ్ళు నన్ను పిలిపించారు. పిల్ల దగ్గర తంబాకు వాసన వస్తోందట. సంచీ అంతా వెతికారట. ఏమీ దొరకలేదు. అయినా మళ్ళీ వాసన వస్తే సీటు పోతుందన్నారు.

ఆ వాసన చేతులది. పొద్దున్నే వాళ్ళమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టి బడికి పోతుంది. సబ్బుకు పోయే వాసన కాదది.

ఈ సంగతి బడిలో నా ఎదురుగా కూర్చున్న సారుకు నేను చెప్పాలా? ఆయన మా వెనక గల్లీలో పుట్టినవాడే. వాళ్ళమ్మ బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని చదువుకున్నవాడు. అందుకే తెలుగులోనే అడిగాను.

"సారూ, మీ అమ్మ చేతులు ఏం వాసనొస్తుండె? యాది మరిచిన్రా?"

ఎవరైనా విన్నారేమోనని ఆయన తలుపు వైపు చూశాడు.

"ఇథె మరాఠీత్ బోలా," అన్నాడు. ఇక్కడ మరాఠీలో మాట్లాడాలట.

సరేనని, క్షమించమని కూడా మరాఠీలోనే అడిగి వచ్చాను.

ఇంటికొస్తే పద్మ గచ్చు మీద కూర్చుని అరచేతులు రాయితో రుద్దుకుంటోంది.

ఈ కాగితం మనం పేపర్లు చదువుకునే వాచనాలయం గోడకు అంటిస్తున్నాను. మన వాడకట్టులో తంబాకు వాసన లేని ఇల్లేదైనా ఉంటే కింద రాయండి. సారు వాళ్ళమ్మ ఇల్లు మాత్రం రాయకండి. ఈ సాయంత్రం కూడా ఆమె గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది.