తాత అడిగిన నీళ్ళు

పక్షవాతం వచ్చిన తర్వాత తాతకు కాలూ చేయీ కొంత తిరిగి వచ్చాయి. మాట ముద్దగానైనా వచ్చింది. రానిది మింగడం. గుంటూరు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేముందు, మింగే తీరు పరీక్షించే ఒకావిడ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. “ఈయనకు అన్నం కంటే నీళ్ళతోనే ప్రమాదం. పల్చనివి తొందరగా జారిపోతాయి. గొంతు మూసుకునే లోపలే ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి.”

నేను మెకానికల్ చదివాను. మార్కాపురం బయట ఒక పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషన్లు చూసుకుంటాను. వాల్వు ఆలస్యంగా మూసుకుంటే పల్చటిది దాటిపోతుంది, చిక్కటిది అంత సులువుగా దాటదు. ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. ఇంట్లో మిగతా వాళ్ళకు అర్థం చేయించడమే కష్టమైంది.

ఆమె చెప్పినవన్నీ పెద్ద అక్షరాలతో రాసి మంచం పక్క గోడకు అంటించాను. పడుకోబెట్టి ఏదీ తాగించకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం ఛాతీ వైపు వంచాలి. చిన్న చెంచాతో సగమే పెట్టాలి. గొంతు ముడి పైకి లేచి దిగేదాకా రెండో చెంచా ఎత్తకూడదు. మధ్యమధ్యలో “ఆ” అనిపించాలి. గొంతులో నీళ్ళు గరగరలాడినట్టు వినిపిస్తే ఆపేయాలి. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. పొద్దున, సాయంత్రం నోరు శుభ్రం చేయాలి, ఎందుకంటే ఉమ్ము లోపలికి జారినా నోట్లోని క్రిములు దాంతోపాటు దిగుతాయి. ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్ళు తినేటప్పుడల్లా దగ్గుతుంటే అది పొలమారడమేనని వదిలేయకుండా పరీక్ష చేయించాలి. ఎవరికి ఏది ఎంత చిక్కగా ఉండాలో ఆ పరీక్షే చెబుతుంది. ఒకరికి చెప్పింది ఇంకొకరికి పనికిరాదు.

రాగిజావ అమ్మ కాచేది. చెంచా వంచితే ధారగా కారకుండా ముద్దగా జారితేనే నేను సరేననేవాణ్ణి. మంచం తల వైపు కోళ్ళ కింద ఫ్యాక్టరీలో పారేసే పలక ముక్కలు పేర్చి ఎత్తు చేశాను. తాత పని చేయగలిగినన్నాళ్ళు గనిలో రాతిని ఉలితో పొరలు పొరలుగా చీల్చిన మనిషి. కోళ్ళ కింద చూసి, వంకర పోయిన మూతితోనే నవ్వాడు.

“ఇన్నాళ్ళు నేను మోసినా. ఇప్పుడు అయ్యి నన్ను మోస్తాండాయి.”

ఎండాకాలం వచ్చింది. మా వైపు ఎండ ఎట్లా ఉంటుందో మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. వసారా మూల ఇసుకలో నీళ్ళ కుండ ఉండేది. తాత మంచానికి ఎదురుగానే. దాన్నే చూస్తూ పడుకునేవాడు.

“గుక్కెడు నీళ్ళియ్యమ్మా.”

“జావ కలిపినా మామా, తాగు.”

“జావకే దప్పికైతాంటది. అది నాకేం తీరుస్తది?”

అమ్మ నవ్వేది. నవ్వి, వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకునేది. తర్వాత కుండను పెరట్లోకి మార్చింది. తాత రెండు మూడు రోజులు ఆ మూలకే చూశాడు. తర్వాత చూడడం మానేశాడు.

ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టి ఎదురుచూసే వీధి మాది. అయినా, అందుకేనేమో, గడప తొక్కిన మనిషికి ముందు చెంబుతో నీళ్ళిస్తాం. మాతో మాటల్లేని వాళ్ళకైనా ఇస్తాం. ఇక మంచాన పడ్డ పెద్దవాళ్ళను చూడడానికి వచ్చేవాళ్ళు తమ చేత్తో నోట్లో ఇన్ని నీళ్ళో, అరటిపండు ముక్కో పెట్టి వెళ్ళాలనుకుంటారు. అట్లా పెట్టకుండా వెళ్తే ఆ మనిషి పోయాక ఆ చెయ్యి వాళ్ళను ఊరుకోనివ్వదు. అలా వచ్చిన వాళ్ళందరినీ అమ్మ మంచం దగ్గర ఆపాల్సి వచ్చేది. కొందరు గోడ మీద కాగితం చూసి వెనక్కి తగ్గారు. కొందరు మొహం మాడ్చుకుని వెళ్ళారు.

తాత చెల్లెలు తర్లుపాడు నుంచి ఆటోలో వచ్చింది. నాకు అవ్వ అవుతుంది. చిన్నప్పుడే తల్లి పోతే ఆమెను పెంచింది తాతే. వచ్చీ రాగానే చెంబు అందుకుని మంచం వైపు నడిచింది. నేను అడ్డం వెళ్ళాను.

“నీళ్ళు పొయ్యగూడదవ్వా.”

“ఏందిరా? నా అన్న నోరు తెరిచి అడుగుతాంటే పొయ్యగూడదా?”

“పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.”

“కడుపులోకి పోయే నీళ్ళు ఊపిరిలోకి ఎట్ల పోతాయిరా? యాడ సదివినావు నువ్వు?”

కాగితం మీద గొంతు బొమ్మ గీసి చూపించాను. ఆమె బొమ్మను చూడలేదు, నన్ను చూసింది.

“నీ సదువు మంచిదే నాయనా. కానీ ఈయన ఎవురి కాడా చెయ్యి సాపి ఎరగడు. పొలం కాడ చెంబులో నీళ్ళు ముందు నాకు పోసి, మిగిల్తే తాను తాగేటోడు. ఆయన్ను ఇట్ల అడుక్కునేటట్టు చేస్తిరి గదరా.”

తాత కళ్ళు మూసుకుని వింటున్నాడు. నేను జావ తెచ్చి, ఎట్లా పెట్టాలో చూపించి, చెంచా ఆమె చేతికిచ్చాను. పెట్టింది. గొంతు ముడి లేచేదాకా ఆగింది కూడా. కానీ అది ఆమెకు సరిపోలేదని తెలుస్తూనే ఉంది.

ఆమె మా దగ్గరే ఉండిపోయింది. బుధవారం తిరిగి వెళ్దామనుకుంది. మంగళవారం మధ్యాహ్నం నేను ఫ్యాక్టరీలో ఉన్నాను, నాన్న పనికి పోయాడు. ట్యాంకరు వచ్చిందని అమ్మ బిందెలతో వీధిలోకి పోయింది. తిరిగి వచ్చేసరికి తాత విడవకుండా దగ్గుతున్నాడు, అవ్వ ఆయన వీపు రాస్తోంది. పక్కన చెంబు ఉంది.

మరుసటి రోజుకు జ్వరం వచ్చింది. ఆయాసం మొదలైంది. మార్కాపురంలోనే ఒక ఆసుపత్రిలో చేర్చాం. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా కనిపించింది, న్యుమోనియా అన్నారు. సూదిమందులు ఇచ్చారు, ఆక్సిజన్ పెట్టారు. ఇంట్లో ఎవరూ అవ్వను ఒక్క మాట అనలేదు. అననందుకే ఆమె ఇంకా నలిగిపోయింది. ఆసుపత్రి వరండాలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేది. అన్నం పెడితే ముట్టేది కాదు, మంచినీళ్ళూ ముట్టేది కాదు.

ఒక సాయంత్రం నన్ను పిలిచింది.

“నువ్వు ఉన్నదున్నట్టు చెప్తావు. మీ అమ్మ చెప్పదు, మీ నాయన చెప్పడు. నేను పోసిన నీళ్ళేనా?”

ఆ ప్రశ్నను నేను అప్పటికే డాక్టరును అడిగి ఉన్నాను. ఆయన చెప్పిందే చెప్పాను.

“కావచ్చవ్వా. కాకపోవచ్చు. తాతకు ఉమ్ము గూడా లోపలికే జారుతాంది. ఎవురూ ఏమీ పొయ్యకున్నా ఇట్ల వస్తదంట. ఈ నీళ్ళ వల్లనే అని గానీ, కాదని గానీ, ఎక్స్‌రే చూసి చెప్పలేమన్నాడు.”

“నీకేమనిపిస్తాంది?”

“నాకు తెలియదు.”

నిజంగానే తెలియదు. అటూ ఇటూ ఏది చెప్పినా అది లెక్క కాదు, నా ఇష్టం అవుతుంది. ఆమె కొంగు నోటి మీద నుంచి తీసింది.

“చెంబు ఎత్తంగానే చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు నాయనా. వద్దంటాడేమో అనుకున్నా. నోటి కాడికి గుంజుకున్నాడు. మొదటి గుక్క దిగినంక, దగ్గక ముందు, ‘సల్లగుండాయి’ అన్నాడు. మాట ముద్దగా లేదు. మునుపటి మాదిరే అన్నాడు.”

నేను ఆమె పక్కన కూర్చున్నాను.

మందులు పనిచేయలేదు. ఇక బాధ తగ్గించడమే మిగిలిందని, ఇంటికి తీసుకుపోతామంటే పొమ్మని డాక్టరు చెప్పాడు. బయలుదేరేటప్పుడు నర్సు నన్ను ఆపింది. నోరు ఎండిపోకుండా చూసుకోమంది. మెత్తటి నూలుగుడ్డ చల్లటి నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, పెదవులకూ చిగుళ్ళకూ నాలుకకూ అద్దుతుండాలి. దప్పిక చాలావరకు నోట్లోనే ఉంటుందట. పెదవులకు కొద్దిగా కొబ్బరినూనె రాయాలి. ఇది ప్రాణం నిలబెట్టడానికి కాదు. ఈ దశలో ఇంట్లో వాళ్ళు చేయగలిగిన పనుల్లో ఇది ముఖ్యమైనదని మాత్రం ఆమె గట్టిగా చెప్పింది.

ఇంటికొచ్చాక అమ్మ పెరట్లోని కుండను మళ్ళీ వసారా మూలకు తెచ్చింది. ఎవరూ చెప్పలేదు. నేను పాత పంచె చింపి చిన్న ముక్కలు చేశాను. తాత ఒక వైపుకు తిరిగి, తల ఎత్తులో, కళ్ళు సగం మూసి ఉన్నాడు. శ్వాస పొట్టిగా వస్తోంది.

అవ్వ గడప దగ్గరే నిలబడింది. మంచం దగ్గరికి రాలేదు.

“రా అవ్వా. నువ్వే పెట్టు.”

“నా చెయ్యి వద్దురా.”

“నేను పక్కనే ఉంటా. రా.”

వచ్చింది. గుడ్డ ముంచి పిండి ఆమె చేతిలో పెట్టాను. తాత కింది పెదవికి ఆనించింది. వెంటనే తీసేసి నా వైపు చూసింది. నేను తల ఊపాను. మళ్ళీ ఆనించింది. తాత పెదవులు గుడ్డను పట్టుకుని, పసిబిడ్డ మాదిరి, కొద్దిగా చప్పరించాయి. దగ్గు రాలేదు.

కుండ నీళ్ళతో గుడ్డ మళ్ళీ తడిపింది. ఈసారి తనే పిండింది. ఒక్క చుక్క కూడా మిగలకుండా, వేళ్ళు తెల్లబారేటట్టు పిండి నాకు చూపించింది.

“ఇట్ల చాలునా నాయనా? ఎక్కువ లేదు గదా?”

“అంత పిండొద్దవ్వా,” అన్నాను. “ఇంకొంచెం తడి ఉండనీ.”