ఒకే పెన్సిలు

విండ్సర్‌లో మా ఇంటి దగ్గరి బేకరీలో నువ్వులు వేగుతుంటే నాకు ఇప్పటికీ లోపలికి అడుగు పడదు. కారులోనే కాసేపు కూర్చుని వెళ్ళిపోతాను. నువ్వులద్దిన ఆ గుండ్రటి రొట్టెలంటే నెర్మిన్ గారికి ప్రాణం. టర్కీ నుంచి జర్మనీకి వలస వెళ్ళిన కార్ల ఫ్యాక్టరీ కార్మికుడి కూతురు ఆవిడ. అక్కడే పుట్టి, అక్కడే నాటకాలు రాసి, నడివయసులో ఇక్కడికొచ్చి లైబ్రరీలో నాటకరచన నేర్పేవారు. కార్ల ప్లాంటులో క్వాలిటీ రిపోర్టులు రాసుకునే నన్ను రచయిత్రిని చేసింది ఆవిడే. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులో అయినా, ఆవిడ మాటలన్నీ నాకు తెలుగులోనే గుర్తున్నాయి.

ప్రతి ఆదివారం ఆవిడ వంటగది బల్లకు చెరోపక్క కూర్చునేవాళ్ళం. మధ్యలో ఒకే కాగితం, ఒకే పెన్సిలు, ఒక రబ్బరు. ఆవిడ ఒక డైలాగు రాసి నావైపు తోస్తే, నేను చెరిపి ఇంకోటి రాయాలి. మొదట్లో నాకు చెయ్యి వచ్చేది కాదు.

"మీరు రాసింది నేనెలా చెరపనండీ?" అన్నాను.

"ఆ మర్యాదేదో టీ పోసేటప్పుడు చూపించు. ఇక్కడ చెరుపు," అన్నారు.

సీను కుదిరాక శుభ్రంగా ఎత్తిరాసి, చిత్తుకాగితాలు చింపేసేవారు. ఒకరోజు అలా చింపుతూనే పాత సంగతి చెప్పారు. జర్మనీలో ఒక స్నేహితుడితో కలిసి రాసిన నాటకానికి పోస్టరు మీద రచయితగా అతని పేరే పడింది. కింద, 'ఆమె జీవితం ఆధారంగా' అని ఆవిడ పేరు.

"నేను బతికానని ఒప్పుకున్నారు, రాశానని ఒప్పుకోలేదు. మన దానికి రెండు పేర్లూ ఉండాలి. మాటివ్వు."

ఇచ్చాను.

ఆవిడ చిన్నతనం మీద మేమిద్దరం రాసిన నాటకాన్ని సినిమాగా తీస్తానని మార్కమ్ అనే ఊరి నుంచి ఒక తెలుగాయన వచ్చారు. అప్పటికి నెర్మిన్ గారు ఆసుపత్రిలో ఉన్నారు.

"గ్రాంట్‌కి అప్లై చేయాలండీ. ఆవిడ సైన్ కోసం వెయిట్ చేస్తే డెడ్‌లైన్ మిస్సవుతాం. ప్రస్తుతానికి మీ నేమ్ ఒక్కటే పెడదాం, తర్వాత యాడ్ చేద్దాం," అన్నారాయన.

ఆసుపత్రి మా ఇంటికి పదిహేను నిమిషాల దూరం. వెళ్ళి సంతకం పెట్టించుకురావచ్చు. వెళ్ళలేదు. నా పేరొక్కటే ఉంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను, అంతకుమించి కారణం లేదు.

స్క్రిప్టు రాగానే సంబరంగా ఆవిడకు పట్టుకెళ్ళాను. మొదటి పేజీ నేను చూడను కూడా లేదు. ఆవిడ చూశారు. రచన అన్నచోట నా పేరు. కింద, 'నెర్మిన్ జీవితం ఆధారంగా'.

"ఇది ఫైనల్ కాదండీ, మారుస్తారు," అన్నాను.

ఆవిడ ఆ అక్షరాల మీద వేలితో ఒకసారి రుద్దారు. "ఇది చెరగదు," అని అటు తిరిగి పడుకున్నారు. ఆ వారమే పోయారు.

గ్రాంట్ కాగితాల్లో ఉన్న పేరే ఉండాలన్నారు సినిమా తీసినాయన. సినిమా అలాగే విడుదలైంది. సభల్లో ఎవరో ఒకరు లేచి, ఫలానా డైలాగు మీకెలా తట్టిందని అడుగుతారు. అది ఎవరిదో నాకు నిజంగా తెలియదు. చప్పట్లు అయ్యేదాకా తలవంచుకుని నిలబడతాను.

ఆదివారాలు ఇంకా మా ఇంట్లో బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ఒక వాక్యం రాసి అవతలికి తోస్తాను. కాసేపాగి నేనే లేచి అటు కుర్చీలోకి మారి, దాన్ని చెరుపుతాను. చెరపడం బాగానే వచ్చింది. ఆ తర్వాత ఏం రాయాలో తోచదు.