పరగడుపున రమ్మన్నాం

రెండువేల సంవత్సరం దాటిన మొదటి ఏళ్లలో, భద్రాచలం దారిలో ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో నేను ఎండోస్కోపీ గది చూసుకునేవాణ్ని. నోట్లోంచి పొట్టలోకి దింపి చూసే ఆ పైపు మాకు ఒక్కటే ఉండేది. ఒకరికి వాడాక కడిగి, మందు నీళ్లలో నానబెట్టి, మళ్లీ కడిగితేగాని ఇంకొకరికి పనికిరాదు. డాక్టరు ఖమ్మం నుంచి గురువారం మాత్రమే వచ్చేవారు. ఎవరైనా తిని వచ్చారంటే ఇంకొకరి వంతు పోయినట్టే. అప్పట్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది.

ఒక వేసవిలో అడవి పల్లె నుంచి ఒకాయన, వాంతులు ఆగట్లేదని, భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. ఒంటిమీద చొక్కా ఇంకెవరిదో అన్నట్టు వేలాడుతోంది. పైపు లోపలికి పోగానే డాక్టరు దాని బయటి కొసన ఉన్న అద్దంలో కన్ను పెట్టి, "అంతా అన్నమే" అంటూ బయటికి లాగేశారు.

"పరగడుపున రమ్మంటే తిని వస్తవా? పైగా అబద్ధం చెప్పుడొకటి!" అని అందరి ముందూ అరిచాను.

"లేదు సారూ, నిన్న పొద్దుగాల నుంచి ఏం తినలె," అంది ఆమె. ఆయన తల వంచుకున్నాడు. చీటీ మీద 'తిని వచ్చాడు' అని రాసి, వచ్చే గురువారం రమ్మన్నాను.

రెండో వారమూ అదే జరిగింది. ఈసారి ఆమెనూ తిట్టాను, నువ్వే పెట్టి తీసుకొస్తున్నావని. వాంతిలో ఏం పడుతోందని ఒక్క మాట అడిగితే సరిపోయేది. నేనడగలేదు. ఆ హడావిడిలో డాక్టరూ అడగలేదు.

మూడో వారం ఆమె గుమ్మంలోనే నన్ను ఆపింది. "రెండు దినాల సంది నేను గూడ తినలె సారూ. పక్కనే కూసొని చూసిన. ఆయన నీళ్లే తాగిండు." నేను నమ్మలేదు. అయినా లోపలికి పంపాను.

డాక్టరు చాలాసేపు చూసి, నన్నూ చూడమన్నారు. మురికి నీళ్లలో పాచిపోయిన మెతుకులు, వాటి మధ్య ఒక తునికి గింజ.

"తునికి పండు ఎప్పుడు తిన్నడు?" అని ఆమెను అడిగాను.

"ఆదివారం, సంతకు పోయినప్పుడు."

నాలుగు రోజులు. అన్నాళ్లయినా కిందికి దిగలేదంటే దారి మూసుకుపోయినట్టే. నీళ్లు లాగేసి చూస్తే పొట్ట చివర గడ్డ ఉంది. పరీక్షకు పంపడానికి దాని ముక్క తీసే ఫోర్సెప్స్ చెడిపోయి నెలలైంది. డాక్టరు పొట్ట నొక్కి చూసి, కాలేయానికి కూడా పాకిందన్నారు. "రెండు వారాల ముందైనా మనం చేయగలిగింది ఏం లేదులే," అన్నారు నాతో. అది నిజమో, నా మీద జాలో ఈ రోజుకీ తెలియదు.

పైపు తీశాక ఆయన లేచి కూర్చొని మూతి తుడుచుకున్నాడు. ఎవరూ ఏమీ చెప్పకముందే నాకు రెండు చేతులూ జోడించాడు.

"తప్పయింది సారూ. వచ్చే వారం ఏం తినకుండ వస్త."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇక రావాల్సిన పని లేదని ఆయనకు చెప్పాల్సింది కూడా నేనే.