ఫైబర్ బండ మీద రెండు తొండలు

శామీర్‌పేట దగ్గర కడుతున్న ఒక ప్రకృతి మ్యూజియంలో ప్రదర్శనలకు కథలు, బోర్డులు రాయడం నా ఉద్యోగం. మూడు నెలలు కష్టపడి మా బృందం ఫైబర్‌తో ఒక పెద్ద బండ చేసింది. మన ప్రాంతపు బండలు, వాటి మీద బతికే జీవాల గురించి పిల్లలకు చెప్పాలని. గేటు పక్కనున్న అసలు బండ నుంచే అచ్చు తీశాం. పగుళ్లు, నాచు, ఆఖరికి పిట్ట రెట్ట కూడా వదల్లేదు. పైన ఒక ఫైబర్ తొండను కూడా కూర్చోబెట్టాం.

ఈ రోజు చివరి రంగులు వేస్తుంటే, రాళ్లు కొట్టే యాదయ్య మంచినీళ్ల కోసం లోపలికొచ్చాడు. మా బండను తట్టి చూసి నవ్వాడు.

"గిదేంది సార్, ఉత్త డొల్లనా? అసలుది బయటనే ఉండె గదా."

"ఉండె ఏంటి? ఇప్పుడు లేదా?"

"పొద్దుగాల్నే పలగ్గొట్టినం. మీ మ్యూజియం సూడనీకొచ్చేటోళ్ల కార్లకు జాగ గావాలన్నరు."

ఎంత ముందుచూపు! 'బండలను కాపాడుకుందాం' అని నేను రాసిన బోర్డు సరిగ్గా ఆ పార్కింగ్ ఎదురుగానే పెడతారట.

సాయంత్రానికి ఇల్లు పోయిన తొండ ఒకటి లోపలికొచ్చి, మా ఫైబర్ తొండ పక్కనే కదలకుండా కూర్చుంది. తనిఖీకి వచ్చిన మా పెద్దసారు రెండింటినీ దూరం నుంచే తేరిపార చూశారు.

"ఎడమది అద్భుతం. కుడివైపుది సహజంగా లేదు, తీసేయించండి" అన్నారు.

కుడివైపుది ప్రాణమున్న తొండ. రేపు మళ్లీ చూడ్డానికొస్తారు. ఏం చేయమంటారో మీరే చెప్పండి.