అవ్వ పలికిందా?

మా చర్చిలో ఎవరిని మట్టి చేసినా సమాధి దగ్గర ఒక కీర్తన పాడతారు. అందరూ దాన్ని మల్లమ్మవ్వ పాట అంటారు. అది మొదలైన ప్రతిసారీ నేను కొంగుతో ముఖం కప్పుకుంటాను. అవ్వను తలుచుకొని ఏడుస్తున్నాననుకుంటారు చూసేవాళ్లు. కాదు. ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది వేరే. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

అవి పెద్ద యుద్ధం నాటి రోజులు. మాది శామీర్‌పేట దగ్గర చిన్న పల్లె. ఆ యేడు పిలేగు వచ్చింది. ఇళ్లల్లో ఎలుకలు రాలిపడ్డాయి. జబ్బు తగిలినవాళ్లను ఊరి బయట, జొన్నచేలకు అవతల గుడిసెలు వేసి ఉంచారు. కన్నబిడ్డలే అటు పోవడానికి జంకారు. అలాంటప్పుడు మేడ్చల్ నుంచి రత్నమ్మక్క వచ్చింది. ఊరూరా తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ. సంగతి విని వెనక్కి పోలేదు. మా చర్చి ఆడవాళ్లను పోగుచేసింది.

మాలో ఒక అలవాటు ఉంది. ఎసరు పెట్టినప్పుడల్లా దేవునికని పిడికెడు బియ్యం పక్కన కుండలో వేస్తాం, ఆదివారం చర్చికి తీసుకెళ్తాం. బియ్యం లేనివాళ్లు జొన్నలు వేస్తారు. తిండికి కటకటగా ఉన్న ఆ రోజుల్లో రత్నమ్మక్క ఆ పిడికిళ్లన్నీ ఒక్కచోట చేర్చి గంజి కాయించింది. ఒక్కొక్కరికి ఒక్కో గుడిసె అప్పజెప్పింది. గుడిసెకు కాస్త దూరంలో రాయి మీద ముంత పెట్టాలి. కీర్తన పల్లవి మనం ఎత్తుకోవాలి, చరణం లోపలివాళ్లు అందుకోవాలి. పాడే ఓపిక లేకపోతే కట్టెతో గిన్నె మీద కొట్టాలి. దాన్నే పలకడం అనేవాళ్లం.

“ముంత పెట్టి ఉరికొస్తే కుక్కకు ఏసినట్టే,” అనేది రత్నమ్మక్క. “పలికేదాక నిలవడుండ్రి. మనిషి గొంతు ఇనక మస్తు దినాలైంది వాళ్లకు.”

ఆమె గొంతు మాత్రం బొంగురు. ఏ రాగమూ కుదిరేది కాదు. “నా పాట ఇంటే సచ్చేటోడు గూడ లేసొచ్చి తిడ్తడు, గదే మందు,” అని మమ్మల్ని నవ్వించేది. అరికాళ్లు పగిలినా ఎండలో గుడిసె గుడిసెకూ నడిచేది. మా చర్చితో సంబంధమే లేని నూనె వ్యాపారి తల్లి బీబీ గుడిసె ముందూ నిలబడి పాడేది. కీర్తనలు రాని బీబీ “జిందా హూఁ బేటీ”, బతికే ఉన్నా బిడ్డా, అని లోపలి నుంచి కేకేసేది. అలాంటి మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆమెలా ఉండాలని ఎంత ఆశపడ్డానో!

నాకు మల్లమ్మవ్వ గుడిసె వచ్చింది. నన్ను ఈ లోకంలోకి తెచ్చిన మంత్రసాని ఆమె. వెనకా ముందూ ఎవరూ లేరు. నా పల్లవి వినబడగానే, ఎంత నీరసంగా ఉన్నా, చరణం అందుకునేది.

ఒకరోజు చేను గట్టు మీద, నా కాలి ముందే చచ్చిన ఎలుక కనిపించింది. అంతే. ముంత గట్టు మీదే పెట్టేశాను. పిలవలేదు. ఎందుకు పిలవలేదు? గుడిసె కనిపిస్తూనే ఉంది, గట్టిగా ఎత్తుకుంటే వినబడేది కూడా. పిలిస్తే పలుకుతుంది, పలికితే గంజి తీసుకొని ముందుకు పోవాల్సి వస్తుంది, అందుకే పిలవలేదు. ఇది ఇప్పుడు తెలిసినది కాదు, అప్పుడూ తెలుసు.

చర్చి వాకిట్లో రత్నమ్మక్క అడిగింది. “అవ్వ పలికిందా?”

“పలికింది.”

మరునాడు గట్టు మీద ముంత ఖాళీగా దొర్లి ఉంది. కుక్కలు తాగాయి. దాన్నే తెచ్చి చూపించాను. “మొత్తం తాగింది! ఇగ లేస్తది అవ్వ,” అని సంబరపడింది రత్నమ్మక్క. నా మాట నమ్మి, జబ్బు ముదిరినవాళ్ల గుడిసెల వైపు వెళ్లింది. ఆ తర్వాతి రోజు కూడా నేను గట్టు దాటలేదు. మళ్లీ పలికిందనే చెప్పాను.

ఆ మరుసటి పొద్దున ఆమే అవ్వను చూసివద్దామని పోయింది. తిరిగొచ్చి కొంగుతో ముఖం తుడుచుకుంది.

“రాత్రి పోయినట్టుంది బిడ్డా. దర్వాజ కాడిదాక పాక్కుంట వచ్చింది. చేతుల కట్టె అట్లనే ఉంది. మొఖం గట్టు దిక్కే ఉంది. నీ కోసమే సూసింది, పలుకుదామని.”

నేను ముంత కడుగుతున్నదాన్ని కడుగుతూనే ఉన్నాను.

“నిన్న ఏం పాడింది?” అని అడిగింది.

నోటికొచ్చిన కీర్తన పేరు చెప్పాను.

అవ్వను పూడ్చేటప్పుడు రత్నమ్మక్క అందరి ముందూ సాక్ష్యం చెప్పింది, చివరిదాకా ఈ పిల్ల అవ్వను ఒంటరిగా వదల్లేదని. ఆ కీర్తనే పాడించింది. తర్వాత పోయినవాళ్లకూ అదే పాడారు. అలా అది మా ఆనవాయితీ అయిపోయింది. నా అబద్ధానికి రాగం, తాళం కుదిరాయి. ఇప్పటికీ పెళ్లిళ్లలో నన్ను చూపించి, గుడిసెలకు గంజి మోసిన తల్లి అంటారు. నేను తల దించుకుంటాను. దాన్ని వినయం అనుకుంటారు.

పోయిన నెల రత్నమ్మక్కను మట్టి చేశాం. ఎంతమంది వచ్చారో! గుడిసెల్లోంచి బతికి బయటపడ్డవాళ్లు, వాళ్ల పిల్లలు, బీబీ కొడుకు కూడా. పల్లవి ఎత్తుకోమని నన్నే ముందుకు నెట్టారు. నోరు తెరిచాను. గొంతు రాలేదు. వేరెవరో అందుకున్నారు.

ఆమె ఉన్నప్పుడే చెప్పి ఉండాల్సింది. చెబితే ఏమనేది? కోప్పడి, ఏడ్చి, చివరికి క్షమించేదేమో. కానీ క్షమించాల్సింది ఆమె కాదు కదా. కట్టె పట్టుకొని ఆకలితో గట్టు వైపు చూస్తూ ఉన్న అవ్వ. ఆమెను అడగడానికి నాకు దారి లేదు. ఇలా రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది, అంతకంటే నాకు రావలసినదేమీ లేదు.

రత్నమ్మక్క ఆ రోజు అడిగినదానికి ఇప్పుడు జవాబు చెబుతున్నాను.

అవ్వ పలికిందా?

తెలియదక్కా. నేను పిలవలేదు.