బతికున్న అన్నయ్యకు కన్నీటి నివాళి
పోయినేడు మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి చీరలు కొనడానికి చల్లపల్లి నుంచి విజయవాడ వన్ టౌన్ వెళ్లాను. ఆటో దిగగానే ఎదురుగా 'కన్నీటి నివాళి' ఫ్లెక్సీ, అందులో దండ వేసిన మా అన్నయ్య ఫొటో! ఫోన్ చేస్తే స్విచాఫ్. అక్కడే ఏడ్చేశాను. ఒక షాపాయన నీళ్లిచ్చి, "ఏడవకండమ్మా, అదేదో ఓటీటీ సిరీస్ పబ్లిసిటీ అంట" అన్నారు.

కాసేపటికి అన్నయ్యే ఫోన్ చేశాడు. తన ఫేస్‌బుక్ ఫొటోను ఆ సిరీస్ వాళ్లు అడక్కుండా వాడేశారట. ఈలోగా ఎవరో వాట్సాప్‌లో పంపిన ఆ ఫ్లెక్సీ చూసి అమ్మ స్పృహ తప్పింది. ఆస్పత్రిలో చేర్చాం.

జనం తిట్టిపోశాక ఫ్లెక్సీలు తీయించారు. ఆ ఓటీటీ కంపెనీని నిలదీస్తే, "అది మా యాడ్ ఏజెన్సీ పొరపాటండీ" అన్నారు. ఏజెన్సీని అడిగితే కంపెనీని అడగమన్నారు.

అమ్మ కోలుకుంది. కానీ అన్నయ్య మధ్యాహ్నం కునుకు తీసినా, పక్కన కూర్చుని వాడి ఊపిరి చూస్తూ ఉంటుంది.